మూడో మనిషి చేరగానే మూగబోయిన క్లాసు

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆవిడ సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తారు. వాళ్ళ నాన్నగారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, బళ్ళో సంగీతం మాస్టారుగా రిటైరయ్యారు. కొన్నేళ్ళుగా విజయనగరం నుంచే ఆన్‌లైన్లో గాత్రం నేర్పుతున్నారు. శిష్యులు ఎనిమిది మంది. అందులో సగం న్యూజెర్సీ పిల్లలు, వాళ్ళను కూర్చిపెట్టింది అక్కడే ఉంటున్న బావగారు. వీడియో మీటింగ్ సర్వీసులో ఉచిత ఖాతా కావడంతో వర్ణం మధ్యలో ఉండగా నలభై నిమిషాలైపోయి క్లాసు తెగిపోయేది. దానికి తోడు ఎవరో క్లాసును రికార్డు చేసి, మాస్టారు ఒక పిల్లను మందలించిన ముక్క మాత్రం కత్తిరించి ఫోన్ గ్రూపుల్లో తిప్పారు. అప్పుడు ఈవిడకు పట్టుదల వచ్చింది. ఫ్లాట్‌లో మూలనున్న పాత డెస్క్‌టాప్‌ను సొంత సర్వర్‌గా చేసి, దాని మీద జిట్సీ మీట్ అనే ఉచిత వీడియో మీటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టారు. నాన్నా కూతురూ మాట్లాడుకుంటే బొమ్మా మాటా స్పష్టంగా వచ్చాయి. శనివారం సాయంత్రం అయిదున్నరకు, న్యూజెర్సీలో పొద్దున్న ఎనిమిదికి, అసలు క్లాసు మొదలైంది. మాస్టారు, మొదటి పిల్ల కలిసి శ్రుతి చూసుకున్నారు. రెండో పిల్ల చేరగానే అందరి తెరలూ నల్లబడ్డాయి, మాట ఆగిపోయింది. "మాస్టారూ, వినపడట్లేదండీ" అని ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. "మా మరదలు ఇంట్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజి పెట్టింది లెండి" అని బావగారు అందరి ముందూ నవ్వారు. నాన్నగారు ఒక్క మాట అనలేదు. తర్వాత రెండు శనివారాలు ఒంట్లో బాగాలేదని క్లాసు పెట్టలేదు.

ఇదంతా వదిలేయాలా, ఇంకా ఖర్చు పెట్టాలా? చాట్ కూడా సొంతంగా ఉండాలన్న ఆలోచన అత్యాశా? బావ చెప్పినట్టు డబ్బు కట్టి రెడీమేడ్ సర్వీసు తీసుకుంటే ఓడిపోయినట్టేనా? ఇవీ ఆవిడ ప్రశ్నలు. చివర్లో, సర్వర్ ఖర్చు ఫీజులో కలపడం తప్పా అని మొహమాటంగా ఇంకొకటి అడిగారు.

జవాబు:

అమ్మా, ముందు ఆ శనివారం ఏం జరిగిందో చూద్దాం. అది తేలకుండా మిగతావి మాట్లాడుకున్నా ప్రయోజనం ఉండదు.

జిట్సీలో ఇద్దరే ఉన్నప్పుడు బొమ్మా మాటా మీ సర్వర్ గుండా వెళ్ళవు. ఇద్దరినీ పరిచయం చేసి సర్వర్ పక్కకు తప్పుకుంటుంది. ఆ తర్వాత వాళ్ళ ఫోన్లు నేరుగా మాట్లాడుకుంటాయి. మూడో మనిషి చేరగానే అందరి వీడియో సర్వర్‌లోని వీడియోబ్రిడ్జ్‌కు, అంటే అందరి బొమ్మా మాటా అందుకుని అందరికీ పంచే భాగానికి, మారుతుంది. దానికి బయటి నుంచి యూడీపీ 10000 పోర్టు, అంటే డేటా వచ్చిపోయే తలుపు, తెరిచి ఉండాలి, తన బయటి చిరునామా ఏమిటో ఆ బ్రిడ్జ్‌కు తెలిసి ఉండాలి. రెండింట్లో ఏది లేకపోయినా సరిగ్గా మీకు జరిగిందే జరుగుతుంది. సొంతంగా జిట్సీ పెట్టుకున్నవాళ్ళలో ఈ గోతిలో పడనివాళ్ళు తక్కువ. మీరు టెస్టింగ్‌లో ఉన్నారు కాబట్టి ఈ మాట కాస్త చురుక్కుమంటుందేమో గానీ, ఇద్దరితో చేసిన పరీక్ష సర్వర్‌ను పరీక్షించినట్టు కాదు. ముగ్గురు కావాలి, మూడు వేర్వేరు నెట్‌లు కావాలి. అందులో ఒకటి మొబైల్ డేటా అయితే మరీ మంచిది.

పోర్టు రూటర్‌లో తెరిచానని రాశారు. అయినా పని చేయలేదంటే నా అనుమానం వేరే చోట ఉంది. రూటర్ సెట్టింగుల్లో కనిపించే బయటి ఐపీ అడ్రసునూ, మీ ఐపీ ఎంతో చెప్పే వెబ్‌సైట్లలో కనిపించేదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ వేరైతే, ముఖ్యంగా రూటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, మీ బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసును చాలా ఇళ్ళకు పంచుతోందని అర్థం. అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకటే డోర్ నంబరు ఉంటే పోస్ట్‌మ్యాన్‌కు మీ ఫ్లాట్ ఎలా తెలుస్తుంది? అలాంటప్పుడు రూటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా ఉపయోగం లేదు. రెండు అడ్రసులూ ఒకటే అయితే మాత్రం తప్పు బ్రిడ్జ్ సెట్టింగులో ఉంది. సాఫ్ట్‌వేర్‌ను డబ్బాలో సర్దినట్టు నడిపే డాకర్‌తో పెట్టి ఉంటే, దాని సెట్టింగులుండే ఎన్వ్ (.env) ఫైల్లో అడ్వర్టైజ్ ఐపీస్ (JVB_ADVERTISE_IPS) అనే వరుసలో మీ పబ్లిక్ అడ్రసు ఉందో లేదో చూడండి. బహుశా అంతటితో సరిపోతుంది.

ఇక, ఇదంతా మొదలవడానికి కారణమైన ఆ వీడియో ముక్క. మీ కోపం న్యాయమైనదే. కానీ సొంత సర్వర్ ఆ పనిని ఆపలేదు. క్లాసులో కూర్చున్నవాళ్ళు పక్కన ఇంకో ఫోన్ పెట్టి తీస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు. సర్వర్ మీ సొంతమైతే పిలవనివాళ్ళు రాకుండా చూసుకోవచ్చు, మధ్యలో ఇంకో కంపెనీ చేతికి పాఠాలు పోకుండా చూసుకోవచ్చు. పిలిచినవాళ్ళ బుద్ధిని దిద్దడం వేరే పని, అది తల్లిదండ్రులతో నాన్నగారు మాట్లాడాల్సినది. ఇంకో సంగతి. జిట్సీ పెట్టిన వెంటనే దాని తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. గది పేరు తెలిసిన ఎవరైనా లోపలికి రావచ్చు, అసలు పరిచయం లేనివాళ్ళు మీ సర్వర్ మీద తమ మీటింగులు పెట్టుకోవచ్చు. గది తెరవడానికి లాగిన్ ఉండేలా, లాగిన్లు చూసుకునే ప్రోసొడీ అనే భాగంలో అమర్చి, మీరు రమ్మనేదాకా వచ్చినవాళ్ళను బయట ఆపే లాబీ ఆన్ చేసేదాకా దాన్ని సురక్షితం అనలేం. భద్రత కోసం పెట్టిన సర్వర్‌కు గడియ లేదంటే బావగారు ఈసారి నవ్వి ఊరుకోరు.

మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో వదిలేసిన సంగతి నన్ను ఎక్కువ ఆకర్షించింది. "నాన్న పెట్టే తంబూరా శ్రుతి రెండు నిమిషాలకే మాయమైపోతుంది, పాత సర్వీసులోనూ అంతే" అని రాశారు. అసలు చిక్కు ఇదేనని నాకనిపిస్తోంది. ఆయన క్లాసు మానేయడానికి పరువు ఒక్కటే కారణమని మీరు అనుకుంటున్నారు. శ్రుతి లేకుండా పాఠం చెప్పలేక విసిగిపోయి ఉన్నారేమో కూడా అడగండి.

ఈ పరికరాలన్నీ మాట కోసం తయారయ్యాయి. బ్రౌజరు మైకులోంచి వచ్చే ధ్వనిని మూడు రకాలుగా శుభ్రం చేస్తుంది. ప్రతిధ్వని తీసేస్తుంది, రొద తీసేస్తుంది, హెచ్చుతగ్గులను సమం చేస్తుంది. మారకుండా ఒకే తీరుగా మోగుతూ ఉండేది దాని దృష్టిలో ఫ్యాను చప్పుడు. తంబూరా కూడా అంతే, ఆగకుండా ఒకే తీరుగా మోగుతుంది కాబట్టి దాన్నీ ఊడ్చేస్తుంది. మాస్టారు మంద్రంలో మెల్లగా అన్న స్వరాన్ని పైకి లేపి, తారస్థాయిలో పాడినదాన్ని కిందకు నొక్కి, గమకంలోని ఉసురు తీసేస్తుంది. సర్వర్ మీ సొంతదైనా, పదివేలు పోసి కొన్నదైనా, ఈ మూడూ ఆపకపోతే ఫలితం ఒకటే.

జిట్సీలో వీటిని ఆపవచ్చు. అందరికీ అక్కర్లేదు, నాన్నగారికి మాత్రం చాలు. లింకు చివర ఈ శుభ్రతలను ఆపే డిసేబుల్ ఏపీ (#config.disableAP=true) అనే సెట్టింగు చేర్చి, ఆ లింకు ఆయన కంప్యూటర్లో బుక్‌మార్క్ చేసిపెట్టండి. జిట్సీలో ధ్వనిని కుదించి పంపే ఓపస్ కోడెక్ సంగీతాన్ని చక్కగా మోస్తుంది, ఆడియో బిట్‌రేటు కాస్త పెంచితే తేడా ఆయనకే తెలుస్తుంది. అయితే ప్రతిధ్వని తీసే పని ఆపాక స్పీకరు వాడకూడదు, పిల్లల గొంతు తిరిగి మైకులో దూరుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్లు కావాలి. బ్లూటూత్ పనికిరాదు, మైకు కూడా దానిదే వాడితే ధ్వని టెలిఫోన్ స్థాయికి పడిపోతుంది.

ఆలస్యాన్ని మాత్రం ఎవరూ తీసేయలేరు. విజయనగరం నుంచి న్యూజెర్సీకి మాట వెళ్ళి తిరిగి రావడానికి పావు సెకను పైమాటే. కలిసి పాడించబోతే మొదటి కాలంలో ఎలాగో నెగ్గుకొచ్చినా మూడో కాలానికి తాళం ముక్కలవుతుంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా 1919లో మొదలైన కళాశాలలో చదివిన మనిషికి, గురువు పాడితే శిష్యుడు అందుకోవడం కొత్తగా నేర్పక్కర్లేదు. ఒక్కొక్కరినీ పాడించి మిగతావాళ్ళ మైకులు మూయించమనండి. శ్రుతికి మాత్రం కాలంతో పని లేదు. ప్రతి పిల్లా తన గదిలోనే అదే శ్రుతికి తంబూరా యాప్ పెట్టుకుంటే అది సముద్రం దాటి రానవసరమే లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఇంట్లో సర్వర్ ఇంట్లోనే ఉంచాలంటే బ్రాడ్‌బ్యాండ్ కంపెనీని స్టాటిక్ ఐపీ, అంటే మీ ఒక్కరికే చెందిన మారని అడ్రసు, అడగాలి, నెలనెలా అదనంగా కట్టాలి. అప్‌లోడ్ స్పీడు లెక్క వేసుకోవాలి. మాస్టారి బొమ్మ 720పీలో సుమారు 2 ఎంబీపీఎస్ అనుకుంటే ఎనిమిది మందికి 16. పిల్లల చిన్న బొమ్మలు ఒక్కొక్కటి 0.2 చొప్పున, ఒక్కొక్కరికి ఏడు, అలా ఎనిమిది మందికి ఇంకో 11. మాస్టారికి పోయే ఎనిమిది చిన్న బొమ్మలు ఇంకో ఒకటిన్నర. అంటే మీ ఫ్లాట్ నుంచి బయటికి దాదాపు 29 ఎంబీపీఎస్ ఆగకుండా పోవాలి, అదీ ఇంట్లో ఎవరూ సినిమా చూడకుండా. కరెంటు పోతే ఇన్వర్టరు డెస్క్‌టాప్‌నూ రూటర్‌నూ కూడా మోయాలి. నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. ఎనిమిది మంది ఎదురుచూసే క్లాసుకు మాత్రం నేనైతే దీన్ని నమ్ముకోను.

అదే జిట్సీని ముంబైలోనో బెంగళూరులోనో ఒక వీపీఎస్ మీద, అంటే నెల అద్దెకు దొరికే సర్వర్ మీద, పెట్టడం రెండో దారి. 2 కోర్లు, 4 జీబీ ర్యామ్ మీ క్లాసుకు సరిపోతాయి. నెలకు రెండు వేలకు అటూ ఇటూ అవుతుంది. పైన చెప్పిన లెక్కన గంటకు 13 జీబీ దాకా డేటా బయటికి పోతుంది. కొందరు జీబీ లెక్కన వసూలు చేస్తారు, కొందరు నెలకు కొన్ని టీబీలు కలిపే ఇస్తారు, ధర చూసేటప్పుడు ముందు ఆ గడి చూడండి. డెబియన్ లేదా ఉబుంటు అనే లినక్స్ మీద ప్యాకేజీగా ఎక్కించడం ఒక మధ్యాహ్నం పని. 80, 443, యూడీపీ 10000 పోర్టులు తెరవండి. 80 ఎందుకులే అని తర్వాత మూసేయకండి. సైటు అసలైనదేనని బ్రౌజర్లకు చూపే ఉచిత లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ 90 రోజులకే చెల్లిపోతుంది, దాన్ని తిరిగి తెచ్చుకునేటప్పుడు సాధారణంగా ఆ తలుపే కావాలి. మూసి ఉంటే ఏదో ఒక శనివారం పిల్లల ఫోన్లన్నిటిలో ఎర్ర హెచ్చరిక కనిపిస్తుంది. ఆఫీసు నెట్ నుంచి చేరే తల్లిదండ్రులకు యూడీపీ మూసి ఉండవచ్చు, వాళ్ళ బొమ్మా మాటా మధ్యలో అందుకుని చేరవేసే టర్న్ సర్వర్ 443 మీద పలికేలా చూసుకోవాలి.

బిగ్‌బ్లూబటన్ గురించి కూడా అడిగారు. ఒట్టావాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మంచి సాఫ్ట్‌వేర్, బోర్డు మీద రాసి చెప్పే పాఠాలకు దానికి సాటి లేదు. కానీ అది అడిగే 8 కోర్లు, 16 జీబీ ర్యామ్ ఎనిమిది మంది సంగీతం క్లాసుకు దండగ.

మూడోది బావగారి దారి. దాన్ని ఓటమిగా చూడకండి. ఉదాహరణకు జూమ్‌లో సంగీతకారుల కోసం ఒరిజినల్ సౌండ్ అనే అమరిక ఉంది, పైన చెప్పిన శుభ్రతలన్నీ ఆపుతుంది. డబ్బు కడితే సమయపు పరిమితి పోతుంది, శనివారం సాయంత్రం సర్వర్ సంగతి వాళ్ళే చూసుకుంటారు. మీ రిలీజు వారాంతాల్లో మీరెక్కడుంటారో మీకే తెలియదని మీరే రాశారు. పోయేదేమిటంటే, పాఠాలూ పిల్లల వివరాలూ ఎక్కడుంటాయన్నది ఇంకొకరి నిబంధనల చేతిలో ఉంటుంది. ఇంతకూ మీ పట్టుదలలో ఆ విలువ ఎంత, "ఎక్స్ఛేంజి" అన్న మాట గుచ్చుకున్న నొప్పి ఎంత? దీనికి నాకు జవాబు రాయనక్కర్లేదు.

చాట్ అత్యాశేమీ కాదు. పైగా సొంతంగా పెట్టడంలో అర్థం ఎక్కువున్నది అక్కడే. జిట్సీలోని చాట్ క్లాసు ముగియగానే పోతుంది. ఇప్పుడు సాహిత్యం, స్వరాల ఫోటోలు, పిల్లలు పాడి పంపే ఆడియోలు అన్నీ ఫోన్ గ్రూపులో కలగాపులగమై ఉన్నాయి, అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తున్నాయి. నాకు నచ్చేది జులిప్ అనే చాట్ సాఫ్ట్‌వేర్. అందులో ప్రతి సంభాషణకూ ఒక అంశం ఉంటుంది. మీ విషయంలో ప్రతి కృతి ఒక అంశం. మోహన వర్ణం తెరిస్తే ఆరు నెలల క్రితం మాస్టారు చేసిన సవరణ అక్కడే దొరుకుతుంది. వీడియో బటన్ నొక్కితే మీ జిట్సీకే వెళ్ళేలా కూడా అమర్చవచ్చు. ఫోన్లకు నోటిఫికేషన్ వెళ్ళాలంటే మాత్రం జులిప్ సంస్థవారి సేవలో మీ సర్వర్‌ను నమోదు చేయాలి, అంటే సొంతం అన్నది అక్కడ నూటికి నూరుపాళ్ళు కాదు. మ్యాట్రిక్స్ అనే చాట్ వ్యవస్థ మీద నడిచే ఎలిమెంట్ యాప్ కూడా బలమైనదే, ఎన్‌క్రిప్షన్ గట్టిది. కానీ ఎవరో అమ్మగారు ఫోన్ మార్చి రికవరీ కీ పారేసుకుంటే పాత సందేశాలు తెరుచుకోవు, ఆ తగువు తీర్చేది మీరే. ఫైళ్ళు దాచుకునే నెక్స్ట్‌క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌లోని చాట్, టాక్, ఫైళ్ళకు బాగుంటుంది. నలుగురైదుగురు దాటిన వీడియోకు అదనంగా ఇంకో బ్యాకెండ్ కావాలి, ఇప్పుడు మీకు ఆ బరువు వద్దు.

ఈ రెండు సర్వర్ల స్వభావం ఒకటి కాదు. వీడియో సర్వర్ పడిపోతే పరువు పోతుంది, చాట్ సర్వర్ పడిపోతే పాఠాలు పోతాయి. మొదటిదాంట్లో దాచినదేమీ లేదు, చెడితే తుడిచేసి గంటలో మళ్ళీ కట్టవచ్చు. కానీ అది సరిగ్గా క్లాసు వేళకే చెడుతుంది, అందరి ముందూ చెడుతుంది. రెండోది రాత్రంతా ఆగిపోయినా ఎవరూ గమనించరు, డిస్కు పోతే మాత్రం ఆరు నెలల గొంతులు పోతాయి. అందుకని వీడియోకు ప్రత్యామ్నాయం కావాలి, చాట్‌కు బ్యాకప్ కావాలి. జిట్సీ వాళ్ళే నడిపే ఉచిత సర్వర్ ఒకటుంది. 2023 ఆగస్టు నుంచి గది తెరిచేవారు గూగుల్, గిట్‌హబ్, ఫేస్‌బుక్ ఖాతాల్లో ఒకదానితో లాగిన్ కావాలి, చేరేవాళ్ళకు ఆ పని లేదు. ఆ లింకు తయారుగా ఉంచి, "అయిదు నిమిషాల్లో మనది తెరుచుకోకపోతే ఇక్కడికి రండి" అని ముందే అందరికీ చెప్పేయండి. బ్యాకప్ వేరే చోట ఉండాలి, దాన్నుంచి ఒకసారైనా తిరిగి తెచ్చి చూడాలి. టెస్టర్‌కు ఇంతకంటే చెప్పడం బాగుండదు.

అన్నిట్లో నా మొగ్గు ఎటని అడిగితే, వీడియోను కొంతకాలం డబ్బు కట్టే సర్వీసుకో ఆ ఉచిత సర్వర్‌కో వదిలి, చాట్ మాత్రం సొంతంగా మొదలుపెట్టడం వైపు. మూడు నాలుగు నెలలు దాన్ని నడిపి, అప్‌డేట్లూ బ్యాకప్పులూ మీ జీవితంలో ఎక్కడ ఇమిడాయో చూసుకుని, అప్పుడు వీపీఎస్ మీద జిట్సీ. దీనివల్ల నష్టం కూడా ఉంది. మీ ఉత్సాహం చల్లారవచ్చు, పిల్లలు రెండుసార్లు అలవాటు మార్చుకోవాలి. అందుకని నేరుగా రెండో దారికే వెళ్ళినా కాదనను, మీరు ఊళ్ళో లేని శనివారం ఫోన్ ఎత్తి సర్వర్ రీస్టార్ట్ చేయగల ఇంకో మనిషి పేరు చెప్పగలిగితే. అలాంటివారు లేకపోతే మాత్రం తొందరపడకండి.

రికార్డింగు విషయంలో ఒక జాగ్రత్త. జిట్సీలో రికార్డు చేసే జిబ్రీ అసలు ఒక దాగిన క్రోమ్ బ్రౌజరు, క్లాసులో కూర్చుని చూస్తూ రికార్డు చేస్తుంది. ఒక్కో గదికి ఒకటి కావాలి, చిన్న వీపీఎస్‌ను అదే తినేస్తుంది. నాన్నగారి ల్యాప్‌టాప్‌లోనే రికార్డు చేసుకోవడం తేలిక. ఎక్కడ చేసినా పిల్లల గొంతులకు ఇప్పుడు మీరు కాపలాదారు. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ళ లోపు వారినందరినీ పిల్లలుగానే చూస్తుంది, తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. రెండు వరుసల సమ్మతి పత్రం అందరి దగ్గరా తీసుకోండి. ఆ వీడియో ముక్క తిప్పినవాళ్ళకు పేరెత్తకుండా మాట తగిలించడానికీ అది వీలైన సందర్భమే.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు సర్వర్ మాట ఎత్తకండి. "క్లాసులో మీకు ఏది లేకపోతే కష్టంగా ఉంది నాన్నా" అని అడిగి వినండి. శ్రుతి అంటారని నా ఊహ, ఇంకేదైనా అనవచ్చు. ఆ తర్వాత ఒక మామూలు రోజు మీరు, ఆయన, అక్కగారు ముగ్గురూ మూడు నెట్‌ల నుంచి చేరి ఒక గీతం పాడి చూడండి. నాలుగోవారిగా బావగారిని పిలవండి. ఆ పిల్లలందరినీ తెచ్చింది ఆయనే కదా, వాళ్ళ తల్లిదండ్రుల ముందు ఆయన మాట కూడా పడిపోయింది. ఆ నవ్వులో కొంత ఇబ్బంది కూడా ఉండి ఉంటుంది. ఎక్కడ చెడిందో రెండు వాక్యాల్లో ఆయనకు చెప్పండి: ఇద్దరున్నప్పుడు నేరుగా, ముగ్గురైతే బ్రిడ్జ్ మీదుగా. సంజాయిషీ అక్కర్లేదు.

ఇక ఫీజు. తప్పు లేదు, కానీ మీకు మీరుగా కలపకండి. వీపీఎస్, డొమైన్ కలిపి నెలకు ఎంతవుతుందో కాగితం మీద రాసి నాన్నగారికివ్వండి. ఎనిమిది మందికి పంచితే తలా మూడు వందల లోపే. ఫీజులో కలుపుతారో, విడిగా అడుగుతారో, తానే పెట్టుకుంటారో ఆయన ఇష్టం. మీ జేబులోంచి మాత్రం పెట్టకండి. మీ డబ్బుతో నడిచినన్నాళ్ళూ అది కూతురి సరదాగానే ఉంటుంది, అది బాగాలేదని చెప్పడానికి కూడా ఆయనకు నోరు రాదు.